మడివాళలో బోణీ

తెల్లవారుజామున అయిదున్నర. ‘మడివాళ... మడివాళ... సిల్క్ బోర్డులో దిగేవాళ్లు కూడా లేవండమ్మా!’ అన్న క్లీనర్ కేకకు మెలకువ వచ్చింది. రాత్రి కర్నూలులో ఎక్కిన బస్సు బెంగళూరు నగరాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఈదుకుంటూ వచ్చి ఆగింది. దిగగానే చలిగాలి ముఖాన కొట్టింది. ఆ వెంటనే చెవిన పడింది... తెలుగు!

‘ఒరేయ్, ఆ సంచీలో ఆవకాయ సీసా ఉంది, మెల్లగా!’, ‘అమ్మా, దిగాను. రూముకెళ్లి ఫోన్ చేస్తా’, ‘అన్నా, బీటీఎంకి ఎంత?’... వరసగా ఆగిన బస్సుల్లోంచి హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు, తిరుపతి ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఇంటి పచ్చళ్ల సంచీ. మడివాళలో దిగే మనవాళ్లను గుర్తుపట్టడానికి అంతకన్నా ఆనవాలు అక్కర్లేదు.

నేను చూడటానికి వచ్చింది మాత్రం ఊరిని కాదు, మా మేనల్లుణ్ని. వారం కిందట నంద్యాల నుంచి అక్క ఫోన్ చేసింది. ‘ఒరే తమ్ముడూ, ఒక్కసారి వెళ్లి వాణ్ని చూసిరా. ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. కంపెనీ పెట్టానంటాడు. ఎంతొస్తోందిరా అంటే ఇప్పుడే రాదమ్మా అంటాడు. నాకేం అర్థం కావడం లేదు’ అంది. అక్క చెప్పని సంగతి ఒకటుంది. బావ రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని కొన్న నాలుగు సెంట్ల స్థలం ఆ కంపెనీ కోసమే అమ్మేశారు. వచ్చిన 14 లక్షలూ వాడి చేతిలో పెట్టారు.

టీ కొట్టు దగ్గర స్కూటర్ మీద వాడు కనిపించాడు. గడ్డం పెరిగింది. మనిషి తగ్గాడు. ‘మావయ్యా, ముందు ఒక టీ’ అన్నాడు.

సీట్లు అమ్మిపెట్టిన తెలుగు కుర్రాళ్లు

టీ తాగుతూ వీధిని చూశాను. మడివాళ ఇవాళ్టి ఊరు కాదు. ఇక్కడి సోమేశ్వరాలయం గోడల మీద చోళుల కాలం నాటి తమిళ శాసనాలున్నాయి. ఒకవైపు ఆ గుడి, ఒకవైపు కూరగాయల మార్కెట్టు, రోడ్డు పొడవునా ప్రైవేటు ట్రావెల్స్ బోర్డులు. పండగ ముందు రోజు రాత్రి ఈ రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండదంటే నమ్మాల్సిందే.

స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్లు పుస్తకాలు తిరగేసే ముందు ఇలాంటి బస్సుల వీధిలో ఓ గంట నిలబడితే మంచిది. ఎందుకంటే మన దేశంలో అందరూ చెప్పుకునే స్టార్టప్ కథల్లో ఒకటి ఒక బస్సు టిక్కెట్టుతోనే మొదలైంది. అదీ మన తెలుగువాళ్ల కథే!

2005 దీపావళి. బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజినీరుగా పనిచేస్తున్న ఫణీంద్ర సామ పండక్కి ఇంటికి వెళ్దామనుకున్నాడు. ఏ ఏజెంటు దగ్గరికి వెళ్లినా సీటు లేదన్నారు. అప్పట్లో ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఒక్కచోట తెలిసే వీలు లేదు. సీట్ల చార్టు ట్రావెల్స్ ఆఫీసులో ఉంటుంది. ఏజెంటు అక్కడికి ఫోన్ చేయాలి, వాళ్లు చూసి చెప్పాలి. ఒకవైపు సీటు దొరక్క జనం తిరిగిపోతుంటే, ఇంకోవైపు ఎవరికీ తెలియని ఖాళీ సీటుతో బస్సు కదిలిపోవచ్చు. దీనికి ఒక సాఫ్ట్‌వేర్ రాస్తే సరిపోతుంది కదా అనుకున్నాడాయన. బిట్స్ పిలానీలో తనతో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు తోడయ్యారు.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. అసలు పాఠం ఆ తర్వాత ఉంది. ముగ్గురూ కష్టపడి సాఫ్ట్‌వేర్ తయారుచేసి బస్సుల యజమానుల దగ్గరికి తీసుకెళ్తే వాళ్లకు ఆసక్తే కలగలేదు! ఏళ్ల తరబడి కాగితం మీద, ఫోను మీద నడుస్తున్న పనికి కంప్యూటర్ ఎందుకు? వాళ్లకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదు, సీటు నిండటం. సాఫ్ట్‌వేర్ వద్దన్న మనిషి కూడా ‘మీ సీట్లు కొన్ని ఇవ్వండి, మేం అమ్మిపెడతాం’ అంటే ఎందుకు కాదంటాడు? అలా సీట్లు తీసుకుని అమ్మడంతో 2006 ఆగస్టులో రెడ్‌బస్ మొదలైంది. చిప్‌ల డిజైన్లు, ప్రోగ్రాములతో కుస్తీపట్టిన ఇంజినీర్లు ఐటీ కంపెనీల ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లకు కార్డులు పంచారు. కొత్త వ్యాపారులకు దారి చూపే ‘టై’ సంస్థ పెద్దల దగ్గర కూర్చుని వ్యాపారం ఎలా చేయాలో నేర్చుకున్నారు. 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి వచ్చింది. యజమానులు మొదట వద్దన్న సాఫ్ట్‌వేర్ కూడా తర్వాత వాళ్ల ఆఫీసుల్లోకి వెళ్లింది. నమ్మకం కుదిరాక! 2013లో ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనేసింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఫణీంద్రను రాష్ట్రానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసర్‌గా నియమించింది.

ఇదంతా చెప్పబోతే మా వాడు నవ్వాడు. ‘తెలుసు మావయ్యా. ఆ కథ వందసార్లు విన్నా’ అన్నాడు.

విన్నాడు సరే, వంటబట్టిందా? అదే చూడాలి.

నలభై తెరలు, సున్నా రూపాయలు

సిల్క్ బోర్డు కూడలి దాటితే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. వెడల్పు రోడ్లు, రెండువైపులా చెట్లు, ప్రతి రెండో మేడ మీద ఏదో ఒక కొత్త కంపెనీ పేరు. మా వాడిది బోర్డు లేని కంపెనీ. మూడో అంతస్తులో ఒక చిన్న ఫ్లాటు, రెండు టేబుళ్లు, గోడకు తెల్ల బోర్డు, దాని నిండా బాణం గుర్తులు. వాడి స్నేహితుడు తల ఊపి నమస్కారం పెట్టి మళ్లీ కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాడు.

వాళ్లు తయారుచేసింది పీజీల కోసం ఒక యాప్. పీజీ అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్. మడివాళ, బీటీఎం, మారతహళ్లిల్లో ఏ సందులోకి తొంగిచూసినా కనిపిస్తాయి. వాటిలో చాలా వాటిని నడిపేది మన నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, కడప జిల్లాలవాళ్లే. ఎవరు ఏ బెడ్డులో ఉన్నారు, అద్దె కట్టారా లేదా, కరెంటు బిల్లు ఎంత, ఖాళీ చేసేదెప్పుడు... అన్నీ ఆ యాప్‌లో ఉన్నాయి. వేలు పెడితే చాలు, రంగురంగుల పటాలు కళ్లముందు తిరుగుతాయి. మొత్తం 40 తెరలు! నిజం చెప్పొద్దూ, చూస్తుంటే ముచ్చటేసింది. మా ఇంట్లో ఇంత పనిమంతుడు పుట్టాడని గర్వం కూడా కలిగింది.

‘ఎంతమంది వాడుతున్నార్రా?’

‘తొమ్మిది పీజీలు మావయ్యా.’

‘డబ్బు కట్టేవాళ్లు?’

స్నేహితుడి కీబోర్డు చప్పుడు ఆగింది. ‘ఇప్పటికైతే ఫ్రీ’ అన్నాడు మా వాడు.

వార్తాపత్రిక అంచు మీద లెక్క వేశాం. అద్దె, తిండి, సర్వర్ల ఖర్చు, పెట్రోలు... ఇద్దరికీ కలిపి నెలకు 70 వేలు. పదహారు నెలలకు 11 లక్షల 20 వేలు అయిపోయాయి. మిగిలింది 2 లక్షల 80 వేలు. అంటే సరిగ్గా నాలుగు నెలలు. నెలకు 500 చొప్పున వసూలు చేద్దామనుకుంటున్నారట. ఎందుకు 500 అంటే, ‘ఇంకో యాప్ వాళ్లు 499 పెట్టారు’ అన్నాడు. అలా అయితే ఖర్చు వెళ్లాలంటే ఎన్ని పీజీలు కావాలి? 140! ఇద్దరే మనుషులు, ఒకడు బయటికే రాడు. నాలుగు నెలల్లో 140 మంది యజమానుల గుమ్మం ఎవరెక్కుతారు? వాళ్ల దగ్గర నెలనెలా డబ్బు ఎవరు వసూలు చేస్తారు?

‘ఇద్దరి వాటాలూ కాగితం మీద రాసుకున్నార్రా?’ అని కూడా అడిగాను. ‘ఫ్రెండ్సే కదా మావయ్యా’ అన్నారు ఇద్దరూ ఒకేసారి. రేపు అమ్మకాలు పెరిగితే కట్టాల్సిన జీఎస్టీ గురించి అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇక్కడ మా నాన్న గుర్తొచ్చాడు. నంద్యాలలో ఆయనది చిన్న కిరాణా కొట్టు. చదివింది మూడో తరగతి. ఎవరైనా వచ్చి పది కిలోల కందిపప్పు అడిగితే తూకం వేసే ముందు ‘ఇంట్లో ఏం శుభకార్యం? ఎంతమంది వస్తున్నారు?’ అని అడిగేవాడు. ఆ రెండు ప్రశ్నలతో పప్పుతోపాటు చింతపండు, బెల్లం, నెయ్యి, విస్తరాకులు కూడా ఆయన కొట్టులోంచే వెళ్లేవి. ఆయన మనవళ్లు 40 తెరలు కట్టారు. ఆ రెండు ప్రశ్నలు మాత్రం అడగలేదు.

పుస్తకాలు మోసిన ఇంజినీర్లు

‘పద, కాస్త నడిచొద్దాం’ అని ఇద్దరం బయల్దేరాం. స్నేహితుడు రానన్నాడు. హెచ్‌ఎస్‌ఆర్ నుంచి ఆటోలో కోరమంగళ ఎంతో దూరం లేదు. సోనీ వరల్డ్ సిగ్నల్ దగ్గర దిగి లోపలి వీధుల్లోకి నడిస్తే వాన చెట్లు, కాంపౌండు గోడల మీద కాగితం పూలు, కాఫీ షాపుల్లో తలలు వంచుకున్న కుర్రాళ్లు. ఆదివారం పూట మన ఊళ్లో పెళ్లిచూపులు ఎన్ని జరుగుతాయో, ఈ కాఫీ షాపుల్లో పెట్టుబడుల మాటలు అన్ని జరుగుతాయని మా వాడు చెప్పాడు.

ఈ కోరమంగళలోనే ఒక ఫ్లాటులో 2007లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ ఫ్లిప్‌కార్ట్ పెట్టారు. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టాలు కారు. ఇద్దరూ ఢిల్లీ ఐఐటీలో చదివి అమెజాన్‌లో పనిచేసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. చేతిలో 4 లక్షల రూపాయలు. వాళ్లకు వచ్చిన తొలి ఆర్డరు ఎక్కడి నుంచో తెలుసా? మన మహబూబ్‌నగర్ నుంచి! అక్కడి పాఠకుడొకరు ‘లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ది వరల్డ్’ అనే పుస్తకం కావాలన్నారు. వెబ్‌సైట్ ఆర్డరు తీసుకుంది. పుస్తకం మాత్రం చేతిలో లేదు! ఆ పుస్తకం కోసం ఇద్దరూ బెంగళూరు పుస్తకాల షాపుల చుట్టూ తిరిగి సంపాదించి పంపారు.

గంగారామ్స్ పుస్తకాల షాపు ముందు నిలబడి, పుస్తకాలు కొని బయటికి వచ్చేవాళ్లకు తమ పేరున్న బుక్‌మార్కులు పంచింది కూడా వాళ్లే. పుస్తకాలు చదివేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? పుస్తకాల షాపు ముందే కదా! ఇందులో ప్రోగ్రాము ఏముంది? 2010లో వాళ్లు ‘సరుకు చేతికి వచ్చాకే డబ్బు’ పద్ధతి పెట్టారు. చూడని దుకాణానికి ముందుగా కార్డు నంబరు ఇవ్వాలంటే మన ఇళ్లలో జంకు. ఆ జంకు పోగొట్టింది గుమ్మం ముందు సరుకు ఇచ్చి డబ్బు తీసుకున్న మనిషి. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా తీసుకున్నప్పుడు లోకమంతా ఆ అంకెనే చూసింది. దాని అడుగున బుక్‌మార్కులు పంచిన మధ్యాహ్నాలున్నాయి.

అక్కడి నుంచి చర్చ్ స్ట్రీట్‌కి వెళ్లాం. ఎంజీ రోడ్డుకు వెనక వీధి. రాళ్లు పరిచిన బాట మీద నడుస్తుంటే పాత పుస్తకాల వాసన పిలుస్తుంది. బ్లాసమ్ బుక్ హౌస్‌లో నేల నుంచి కప్పు దాకా పుస్తకాలే. దీన్ని పెట్టిన మాయి గౌడ కూడా ఇంజినీరే! చదువుకునే రోజుల్లో ఎంజీ రోడ్డు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మారు. ఎవరు ఏ పుస్తకం ముందు ఆగుతారో, ఎంత చెబితే కొంటారో ఫుట్‌పాత్ నేర్పింది. ఆన్‌లైన్ దుకాణాలు వచ్చి ఎన్నో పుస్తకాల షాపులు మూతపడినా ఇక్కడ మాత్రం శనివారం మధ్యాహ్నం మెట్ల మీద కూడా జనమే. మా వాడు ఓ మూల నిలబడి చాలాసేపు గల్లా దగ్గరున్న మనిషినే చూశాడు. పుస్తకాలు చూడలేదు.

తిరుగు ప్రయాణం మెట్రోలో. ఎంజీ రోడ్డులో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, ఆర్‌వీ రోడ్డులో దిగి యెల్లో లైన్ పట్టుకుంటే సిల్క్ బోర్డు. ఆ లైను 2025 ఆగస్టులోనే మొదలైంది. ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలిని ఇప్పుడు పైనుంచి తాపీగా చూడొచ్చు.

‘మావయ్యా, 2014లో సీబీ ఇన్‌సైట్స్ అనే సంస్థ మూతపడిన 101 స్టార్టప్‌లు ఎందుకు పోయాయో చూసింది. అందులో 42 శాతం ఏమన్నారో తెలుసా? మేం చేసింది జనానికి అవసరం లేదు అని. 29 శాతం డబ్బు అయిపోయిందన్నారు’ అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

‘మరి ఇదంతా తెలిసి...’

‘తెలుసు మావయ్యా. కొత్త మనిషి ముందు నిలబడి అడగాలంటే నోరు రాదు. కోడ్ రాయడం అయితే ఎంతసేపైనా రాస్తా. అందుకే ఎవరైనా వద్దంటే ఇంటికొచ్చి ఇంకో తెర కలిపేవాణ్ని.’

పదహారు నెలల్లో వాడు చెప్పిన అసలు నిజం అదేనేమో!

అన్నం పారబోసే లెక్క

సాయంత్రం అయిదున్నరకు మడివాళలో ఒక పీజీకి వెళ్లాం. నాలుగంతస్తుల మేడ, 90 బెడ్లు. యజమానిది కావలి దగ్గర పల్లెటూరు. మా వాడి యాప్ ఉచితంగా తీసుకున్న తొమ్మిది మందిలో ఒకడు. తీసుకున్నాడే గానీ, కౌంటర్ మీద మాత్రం నూలుదారం కట్టిన పొడుగు నోటుపుస్తకమే ఉంది.

మా వాడు అలవాటు ప్రకారం ఫోను తీసి ‘అంకుల్, ఇందులో కొత్తగా ఒక...’ అని మొదలుపెట్టాడు. ఆయన చూపు టీవీ మీదికి వెళ్లింది. నేను మోచేత్తో పొడిచాను. వాడు ఫోను జేబులో పెట్టి గొంతు సవరించుకున్నాడు.

‘అంకుల్... ఈ పీజీ నడపడంలో మీకు బాగా తలనొప్పి దేంతో?’

ఆయన టీవీ కట్టేశాడు. ‘ఇన్నాళ్లకు అడిగావు అబ్బయ్యా! దా, చూపిస్తా’ అని వంటింట్లోకి తీసుకెళ్లాడు. ఇద్దరు వంటవాళ్లు పెద్ద గిన్నెలో బియ్యం కడుగుతున్నారు. ‘ఇది 90 మందికి. శనివారం రాత్రి ఎవుడు తింటాడో, ఎవుడు బయటికి పోతాడో ఆ సోమేశ్వరుడికే తెలియాల. తగ్గించి వండితే గొడవ. రోజుకి పాతిక మంది తిండి పారబోస్తన్నాం. ప్లేటుకి ముప్పై రూపాయలు వేసుకో. బెడ్డు ఖాళీ ఉంటే ఓర్చుకుంటా గానీ, అన్నం పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటది. మాది సేద్యం చేసిన ఇల్లు’ అన్నాడు.

మా వాడి పెదవులు కదిలాయి. లెక్క వేస్తున్నాడు. రోజుకు 750. నెలకు 22 వేల 500!

‘అంకుల్, రోజూ నాలుగింటికి అందరి ఫోన్లకూ ఒక మెసేజ్ వెళ్తుంది. రాత్రికి భోజనం వద్దనుకున్నవాళ్లు ఒక్క నొక్కు నొక్కితే చాలు. అయిదింటికి వంటవాళ్ల ఫోనుకి లెక్క వస్తుంది. రెండు రోజుల్లో చేసేస్తా!’

‘అంతా బానే ఉంది. తిననోడు ఎందుకు నొక్కుతాడు? వాడికేంది లాభం?’

మా వాడి దగ్గర జవాబు లేదు. 40 తెరల్లో ఎక్కడా లేదు. బియ్యం కడుగుతున్న వంటాయన తలెత్తాడు. ‘నెలలో పదిసార్లు ముందుగా చెప్పినోళ్లకి ఆదివారం బిర్యానీలో ఇంకో ముక్క ఎక్కువేద్దాం సార్. చచ్చినట్టు నొక్కుతారు!’ అన్నాడు. అందరం నవ్వాం. మా వాడు మాత్రం నవ్వకుండా ఆ మాట రాసుకున్నాడు.

‘నెలకెంత?’ అన్నాడు యజమాని.

వాడు నావైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

‘రెండు వేలు’ అన్నాడు. ఒక్క క్షణం ఆగి, ‘అంటే... వెయ్యి ఇచ్చినా...’ అన్నాడు. వాడి కాలు తొక్కాను గానీ అప్పటికే ఆలస్యమైంది. యజమాని పకపకా నవ్వాడు. ‘నేను అడక్కముందే సగం తగ్గించావే! ఇట్టా అయితే యాపారం ఏం చేస్తావు అబ్బయ్యా? సరే విను. ఒక నెల చూస్తా. పారబోసేది సగం తగ్గితే నెలకి పదిహేనొందలు ఇస్తా. మా బావమరిదికి బీటీఎంలో రెండు పీజీలుండాయి, ఆయనకీ చెప్తా. ఇదిగో, ఐదొందలు అడ్వాన్సు. ఫోన్లో ఎయ్యను. బోణీ చేతికే ఇయ్యాల.’

మా వాడు ఆ నోటును రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు తాత కొట్టులో చూసి ఉంటాడు.

బయటికొచ్చాక ఫుట్‌పాత్ మీద నిలబడి మళ్లీ లెక్క వేశాం. నెలకు 500 అయితే 140 పీజీలు కావాలి. 1,500 అయితే 47 చాలు. సాఫ్ట్‌వేర్ పెద్దగా మారలేదు. మారింది ప్రశ్న. ఒక్క ప్రశ్నకు తొంభై మూడు గుమ్మాలు తగ్గాయి! అలాగని గండం గడిచినట్టు కాదు. నెల తిరిగాక ఆయన నిజంగా డబ్బిస్తాడో లేదో తెలియదు. కుర్రాళ్లు ఆ మీట నొక్కుతారో లేదో తెలియదు. ఉన్నవి నాలుగు నెలలే.

‘మావయ్యా, ఒక మనిషిని తీసుకోవాలి. కోడ్ రాసేవాణ్ని కాదు. గుమ్మం ఎక్కి అడిగేవాణ్ని, డబ్బు లెక్క చూసేవాణ్ని. దొరికేదాకా సాయంత్రాలు నేనే తిరుగుతా. సోమవారం వాటాల కాగితం కూడా రాసేసుకుంటాం’ అన్నాడు. పొద్దున టీ కొట్టు దగ్గర చూసిన కుర్రాడేనా అనిపించింది.

రాత్రి పది గంటలు. మడివాళ మళ్లీ తెలుగు ఊరైపోయింది. ‘కర్నూలు, హైదరాబాద్!’ అని కేకలు. బస్సు ఎక్కి కూర్చోగానే అక్క ఫోన్.

‘చూశావా వాణ్ని? తింటున్నాడా?’

‘తింటున్నాడు. బానే ఉన్నాడు.’

‘ఎంతొస్తోందట్రా?’

దాచి లాభం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మిగిలిన డబ్బు, నాలుగు నెలలు, పారబోసే అన్నం, బిర్యానీ ముక్క, ఐదొందల బోణీ, ఇలాంటివాళ్లు 47 మంది కావాలన్న లెక్క... అన్నీ. అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. ఏడుస్తోందేమో అని కూడా అనుకున్నాను. ఎంతైనా నాలుగు సెంట్ల స్థలం.

అక్క కిరాణా కొట్టు నడిపిన మనిషి కూతురని నేను మరిచిపోయాను.

‘సరే, ఒకడైతే అయ్యాడు. మిగతా 46 మంది దగ్గరికి ఎప్పుడు వెళ్తాడట?’ అంది.